అని పో

బెర్లిన్‌లో ఆదివారమంటే ఊరంతా కర్ఫ్యూ పెట్టినట్టుంటుంది. షాపులు మూత, గోడకి మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలు తీసుకెళ్ళి డబ్బాలో పడేసినా గలగలమంటే తప్పే. అలాంటి మధ్యాహ్నం పప్పన్నం తిని పడుకున్నవాణ్ణి ఇంటర్‌కామ్ మోగి లేపింది. ఎత్తి హలో అన్నాను.

"అని పో! అని పో!"

స్పష్టమైన తెలుగు. మా తెలుగు బ్యాచ్‌లో ఒకడికి ఇలాంటి వేషాలు అలవాటే, వాడే అనుకుని "నువ్వే పోరా" అని పెట్టేశాను. మళ్ళీ మోగింది, మళ్ళీ అదే ముక్క. ఏమని పోవాలో చెప్పకుండా అని పో అంటాడేంటి అని విసుక్కుని ముసుగు తన్నాను.

కింద నిలబడ్డది మా కొత్త రూమ్మేట్. ఇజ్రాయెల్‌లో హైఫా వాడిది, వచ్చి పది రోజులు. హీబ్రూలో 'అని' అంటే నేను, 'పో' అంటే ఇక్కడ. పాపం "నేనిక్కడున్నాను" అంటున్నాడు, అదీ నాతో కాదు, ఫోన్లో వాళ్ళమ్మతో. మా అమ్మ రోజూ తిన్నావా అని అడిగినట్టు ఆవిడ పూటకి నాలుగుసార్లు ఎక్కడున్నావని అడుగుతుంది. కొడుకు వెళ్ళిపోయాడన్న బెంగ. మన దగ్గర పిల్లాడు ఫారిన్ వెళ్తే పైకొచ్చాడంటారు, వీధి వీధంతా తెలుస్తుంది. వాళ్ళ భాషలో లెక్క తిరగబడింది: ఇజ్రాయెల్‌కి వచ్చి స్థిరపడితే 'అలియా', అంటే ఎక్కడం, వదిలి వెళ్తే 'యెరిదా', దిగడం. దిగిపోయినవాడు 'యోరెద్'. ఆ మాట ఎవరైనా అంటే ఇప్పటికీ గుచ్చుకుంటుందిట. మేముండేది లిఫ్టు లేని నాలుగో అంతస్తు కాబట్టి మావాడు రోజూ ఎక్కుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

పోనీ పూర్తిగా పరాయివాడా అంటే అదీ కాదు, జేబులో జర్మన్ పాస్‌పోర్టుంది. ముత్తాతది ఈ ఊరే. 1933-45 మధ్య నాజీల పాలనలో పౌరసత్వం లాగేసుకున్న వాళ్ళ వారసులకి ఇక్కడి రాజ్యాంగం 116వ అధికరణం కింద తిరిగిస్తారు, అలా వచ్చింది. ఇంటిపేరు కూడా పక్కా జర్మన్. ఆఫీసుల్లో ఆ పేరు చూసి గడగడా జర్మన్‌లో మొదలెడతారు, వీడు బిక్కమొహం వేస్తాడు. ఇద్దరికీ అవమానమే.

అసలు గొడవ పొద్దున్నే మొదలైంది. వాళ్ళకి ఆదివారం పేరే 'మొదటి రోజు', అందరూ ఆఫీసులకి పరిగెడతారు. ఆ అలవాటులో ఎనిమిదింటికల్లా లేచి అలమర బిగిద్దామని గోడకి డ్రిల్లింగ్ మెషిన్ పెట్టాడు. మూడో కన్నం అయ్యేసరికి కింద అంతస్తు మామ్మగారు తలుపు కొట్టారు. నేను గదిలోంచి బయటికి వస్తే ఒట్టు. గోడవతల నుంచి విన్నాను: మావాడు ఇంగ్లీషులో "ఒక్క చిన్న ప్రశ్న" అన్నాడు. వాళ్ళ దేశంలో క్యూ మధ్యలో దూరడానికి వాడే మంత్రమిది, మన "సార్, చిన్న డౌటు" లాంటిది. "ఇంకొక్క కన్నమే ఉంది, కానిచ్చెయ్యనా?" మామ్మగారు ఏమన్నారో అర్థం కాలేదు కానీ చాలాసేపు అన్నారు. ఆవిడ వెళ్ళిన రెండు నిమిషాలకి నాలుగో కన్నం చప్పుడు వినబడింది.

మధ్యాహ్నం బుద్ధిగా సీసాల సంచీ పట్టుకుని కిందికి దిగాడు. ఫ్లాట్ తలుపు వెనక టప్‌మని పడింది. ఇక్కడి తలుపులకి బయట తిరిగే పిడి ఉండదు, తాళంచెవి లోపలుంటే నువ్వు బయటే. అదే సంగతి అమ్మకి చెబుతూ బెల్ కొడుతున్నాడు, ఆవిడ ముందు ఎక్కడున్నావో చెప్పు అంటోంది.

మూడోసారి ఇంటర్‌కామ్ మోగితే తిడదామనే ఎత్తాను. ఈసారి "అబ్బా! అబ్బా!" అని అరుపు. నిద్రమత్తు వదిలింది. ఎవడికో దెబ్బ తగిలింది! లుంగీతో, చెప్పుల్లేకుండా నాలుగంతస్తులూ దిగి పరిగెత్తాను. మావాడు నిక్షేపంగా నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. అమ్మ ఫోన్ నాన్నకిచ్చిందిట. హీబ్రూలో 'అబ్బా' అంటే నాన్న.

నన్ను చూసి వాడి మొహం వెలిగింది. నా చేతులు చూశాక ఆరిపోయింది. తాళంచెవి లేదు.

తాళాలు తీసేవాణ్ణి వాడి ఫోన్‌లోంచే పిలిచాం. ఆదివారం రేటు ఇక్కడ రాస్తే మా నాన్న చదువుతాడు, వద్దు. వచ్చినాయన పెట్టె తెరవకుండానే అడిగాడు, మీరు ఇక్కడుండేవాళ్ళేనని రుజువేమిటి? కార్డులన్నీ పైనున్నాయి. ఇక్కడ ఫ్లాట్ నంబర్లుండవు, బెల్ పక్కన ఇంటిపేరే అడ్రసు. మా ఇంటిపేరు ఆ చీటీలో సగమే పట్టింది, తెలుగువాడైనా పోల్చుకోలేడు. మావాడి పేరు ఇంకా అంటించనేలేదు.

అప్పుడు మెట్ల మీద మామ్మగారు ప్రత్యక్షమయ్యారు. అయిపోయాం అనుకున్నాను. ఆవిడ మావాడి వైపు వేలు చూపించి, నాకొచ్చిన జర్మన్‌కి కూడా అందేంత నెమ్మదిగా చెప్పారు:

"ఇతను ఇక్కడివాడే. నాలుగో అంతస్తు. పొద్దున గోడకి నాలుగు కన్నాలు పెట్టాడు, లెక్కపెట్టాను."

తాళాలాయన నా వైపు చూశాడు. మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని నన్నూ నా లుంగీనీ పైనుంచి కింది దాకా చూశారు. నేనా ఇంట్లో చేరి రెండేళ్ళు. ఏనాడూ ఒక మేకు కొట్టలేదు, ఆదివారం మిక్సీ కూడా వెయ్యలేదు.

"ఈయన్ని మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు" అన్నారు.