ప్రశాంతంగా ఉండండి, ప్రోక్టర్ చూస్తున్నాడు

సర్టిఫికేషన్ పరీక్ష రాయబోయే వాళ్ళకు ఊరంతా కలిసి ఇచ్చే సలహా ఒక్కటే: టెన్షన్ పడకు, ప్రశాంతంగా ఉండు. సలహాలో తప్పేమీ లేదు. ఇస్తున్న చోటే తప్పు. ఇంట్లో కూర్చుని, కెమెరాలోంచి ప్రోక్టర్ అనే పరీక్ష కాపలాదారు చూస్తుండగా ఆన్‌లైన్‌లో రాసే పరీక్షలో ప్రశాంతత అభ్యర్థి చేతిలో ఉండదు. అది వాళ్ళమ్మ చేతిలో, పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ పెట్టించుకుంటున్న పెద్దమనిషి చేతిలో, కరెంటు ఆఫీసు చేతిలో, వీధిలో మైకు పెట్టి ఉల్లిపాయలు అమ్ముకునే ట్రాలీ ఆటో అతని చేతిలో ఉంటుంది. కనుక తర్ఫీదు ఇవ్వాల్సింది వీళ్ళకే అని సవినయంగా మనవి చేస్తున్నాను.

మాట వరసకి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఎక్కువగా రాసే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ళు ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ల వ్యవస్థ, అదే క్లౌడ్) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షనే తీసుకుందాం. 130 నిమిషాలు, 65 ప్రశ్నలు. ఇందులో 15 ప్రశ్నలకు అసలు మార్కులే లేవు, ఊరికే పరిశీలన కోసం పెడతారు. అవి ఏవో మాత్రం చెప్పరు. మనవాడు సరిగ్గా వాటి దగ్గరే ఐదేసి నిమిషాలు కూర్చుని జుట్టు పీక్కుంటాడని నా గట్టి అనుమానం. స్కోరు 100 నుంచి 1000 దాకా ఉంటుంది, 720 వస్తే పాస్. అంటే ఏమీ రాయకపోయినా వంద గ్యారంటీ. ఇంతటి ఉదారత మన ఇంటర్ బోర్డుకు ఎప్పుడూ కలగలేదు.

ప్రశ్నల తీరు ఇంకా విచిత్రం. నాలుగు జవాబుల్లో రెండు మూడు ఎలాగూ పని చేసేవే ఉంటాయి. వాటిలో ఏది తక్కువ ఖర్చు, ఏది తక్కువ శ్రమ అన్నదే అడుగుతారు. తక్కువ ఖర్చులో పని కానివ్వడం గురించి మన మధ్యతరగతికి ఒకరు పాఠం చెప్పాలా? కానీ ఆప్షన్లలో 'బావమరిది ఫ్రెండుకి ఒక ఫోన్ కొట్టడం' ఉండదు, అందుకే తడబడతాం. ఏడేళ్ళపాటు ఎవరూ ముట్టని ఫైళ్ళను చవగ్గా ఎక్కడ దాచాలి అంటారు. జవాబు గ్లేసియర్ డీప్ ఆర్కైవ్, అంటే అరుదుగా తీసే ఫైళ్ళ కోసం అమెజాన్ పెట్టిన నిల్వ చోటు. అందులోంచి మళ్ళీ తీసుకోవాలంటే మామూలుగా 12 గంటల దాకా పట్టొచ్చు. ఇది మన అటకే. కాకపోతే మన అటక మీది సామాను దిగాలంటే దసరా రావాలి.

ఇక తయారీ. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర గోడల నిండా బోర్డులు చూసి పెరిగిన జాతి మనది, తయారీకి కొదవేముంది! డిస్కౌంటులో వీడియో కోర్సు కొంటారు. కొన్న రోజు సగం చదువు అయిపోయినట్టే ఉంటుంది, మిగతా సగం మాత్రం నెలల తరబడి మిగిలే ఉంటుంది. మాటల వేగం ఒకటిన్నర రెట్లు పెంచి వింటే త్వరగా అవుతుందనుకుంటారు. తర్వాత ఎవరో పుణ్యాత్ముడు వాట్సాప్‌లో డంప్స్, అంటే పరీక్షలోంచి బయటికి పొక్కిన ప్రశ్నలూ జవాబులూ, పంపిస్తాడు. అవి చదవడం నిబంధనలకు విరుద్ధమని అందరికీ తెలుసు కాబట్టి అందరూ రహస్యంగానే చదువుతారు. పోనీ వాటిలో జవాబులైనా సరిగ్గా ఉంటాయా అంటే, ఒకే ప్రశ్నకు రెండు ఫైళ్ళలో రెండు జవాబులు. ఏది నిజమో తేల్చుకోవడానికి చివరికి అసలు పాఠం తెరవాల్సి వస్తుంది. డంప్స్ వల్ల జరిగిన ఏకైక మేలు ఇదే.

అసలు ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. జ్ఞానం కోసం అని మేనేజర్ చెప్తాడు. క్లౌడ్ కంపెనీకి పార్ట్‌నర్‌గా ఒక మెట్టు పైకెక్కాలంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఇంతమంది ఉండాలన్న లెక్క ఒకటుంది. ఆ లెక్కకు తల తక్కువైనప్పుడల్లా మేనేజర్‌కు మన జ్ఞానం గుర్తొస్తుంది. పరీక్ష ఫీజుకు బదులు వాడుకునే ఓచర్ పంపిస్తాడు. దానికి గడువు తేదీ ఉంటుంది. మనవాళ్ళను పుస్తకం తెరిపించే శక్తి సరస్వతీ దేవి తర్వాత ఆ తేదీకే ఉంది.

అసలు ఘట్టం పరీక్ష గది. ఆఫీసు లాప్‌టాప్‌లో సెక్యూరిటీ గోల వల్ల పరీక్ష సాఫ్ట్‌వేర్ నడవదు, కాబట్టి తమ్ముడి లాప్‌టాప్ బతిమాలి తెచ్చుకోవాలి. గది నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపాలి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నాలుగు వైపులూ ఖాళీగా కనిపించే గది ఉంటే మనం దాన్ని ఇప్పటికే అద్దెకి ఇచ్చేవాళ్ళం. బీరువా మీద సూట్‌కేసులు, వాటి మీద పెళ్ళిలో ఇచ్చిన స్టీలు సామాను, పక్కన ఇస్త్రీకి వెళ్ళాల్సిన మూట... ఇవన్నీ అంతర్జాతీయ సంస్థకు ఫోటోల రూపంలో చేరతాయి.

తర్వాత నిబంధనలు. గదిలోకి ఎవరూ రాకూడదు. ముఖం కెమెరా దాటకూడదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. పెదాలు కదలకూడదు. మనం చిన్నప్పటినుంచి పైకి చదివి బతికినవాళ్ళం. పెదాలు కదపకుండా చదివేవాడు నిద్రపోతున్నాడని మాస్టారు లెక్కేసేవారు. ఆంజనేయ దండకం మనసులో మొదలై పెదాల మీదికి వచ్చిందంటే అవతల ప్రోక్టర్‌కు అది కాపీయింగ్. గుండెలనిండా ఊపిరి తీసుకుని వదలమంటారు కదా, అదైనా చప్పుడు కాకుండా వదలాలి.

ఇక్కడే నేను చెప్పిన కుటుంబ శిక్షణ అవసరమవుతుంది. గదిలోకి రాకూడదని అమ్మకు పదిసార్లు చెప్తాం. అమ్మ రాదు కూడా. నలభయ్యో నిమిషంలో తలుపు జానెడు తెరుచుకుని మజ్జిగ గ్లాసుతో చెయ్యి ఒక్కటే లోపలికి వస్తుంది. మనిషి రాలేదు కదా, చెయ్యే కదా అన్న వాదన న్యాయంగానే ఉన్నా ప్రోక్టర్ ఒప్పుకోడు. నాన్న తలుపు బయట కాపలా కూర్చుని, 'మావాడు పరీక్ష రాస్తున్నాడు, నెమ్మదిగా మాట్లాడు' అని ఫోన్‌లో అందరికీ గట్టిగా అరిచి చెప్తుంటాడు. అభ్యర్థి ఆ ఇంటి కోడలైతే కుక్కర్ విజిల్ బెడద ఉండదు. కుక్కర్ పెట్టాల్సిన మనిషే లోపల ఉంది. ఆవిడ పొద్దున్నే టిఫిన్, లంచ్ బాక్సులు ముగించి, పిల్లల్ని బడికి పంపి, అప్పుడు ప్రశాంతంగా ఉండాలి.

కాబట్టి ఇంటివాళ్ళకూ మూడు స్థాయిల సర్టిఫికెట్ పెట్టాలని నా ప్రతిపాదన. తలుపు తట్టకుండా రెండు గంటలు ఉండగలిగిన తల్లిదండ్రులకు ఫౌండేషన్. టీవీ రిమోట్ ముట్టని పిల్లలకు అసోసియేట్. ఊరి నుంచి చెప్పకుండా దిగి, కాలింగ్ బెల్ కొట్టకుండా మెట్ల మీదే కూర్చున్న బాబాయికి ప్రొఫెషనల్.

మాతృభాష ఇంగ్లీష్ కానివాళ్ళు అడిగితే 30 నిమిషాలు అదనంగా ఇస్తారు, స్లాట్ బుక్ చేసుకునే ముందే అడగాలి. హాయిగా తీసుకోవచ్చు. కానీ ఆ మాట ఇంట్లో చెప్పకండి. ఎల్‌కేజీ నుంచి కట్టిన ఇంగ్లీష్ మీడియం ఫీజులు నాన్నకు రసీదులతో సహా గుర్తుంటాయి.

ఫలితం అక్కడికక్కడ చెప్పరు, ఐదు పనిదినాలు పట్టొచ్చు. తప్పితే 14 రోజులు ఆగి, మళ్ళీ డబ్బు కట్టి రాయాలి. పాసైనా సర్టిఫికెట్ మూడేళ్ళే నడుస్తుంది. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నవాళ్ళు కోరిక తీరాక 108 చేస్తారు కదా, ఇలాంటి పరీక్షలకు మూడేళ్ళకోసారి ఆ లెక్క తప్పదని ముందే తెలుసుకుని మొక్కుకోవాలి.

సరే, పాసయ్యాడనుకుందాం. లింక్డిన్‌లో పోస్టు పెట్టాడు, మేనేజర్ చప్పట్ల బొమ్మ పెట్టాడు. సాయంత్రం పిన్ని ఫోన్ చేస్తుంది.

"ఎంతొచ్చిందిరా?"

"ఏడొందల అరవై ఒకటి పిన్నీ."

"ఎంతకి?"

"వెయ్యికి."

అవతల కాసేపు మాట ఉండదు. పిన్ని కొడుక్కి ఇంటర్‌లో 984.

"పోనీలే నాన్నా, ఇంప్రూవ్‌మెంట్ కట్టెయ్."