ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి కౌలు రైతుల అర్జీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అర్జీ గారి సముఖమునకు,

తమరు ఇప్పటి కెనడాలోని ఆ దీవి రాజధాని షార్లట్‌టౌన్‌లో, శాసనసభ బల్ల మీద క్షేమంగా పడుకుని ఉన్నారని తలుస్తాం. పడుకోవడం తమరికి కొత్త కాదు, తమరి ఒంట్లో ఉన్న విద్యే అది.

తమరి జాతకం 1767 జూలై 23న లండన్‌లో రాశారు. సామ్యూల్ హాలండ్ అనే సర్వేయరు ఆ దీవిని 67 లాట్లుగా కోసిపెట్టాడు, ఒక్కోటి ఉజ్జాయింపుగా 20,000 ఎకరాలు. ఒకే రోజున చీట్లు తీసి దాదాపు అన్నీ సైనికాధికారులకూ, వ్యాపారులకూ, కొలువులో పలుకుబడి ఉన్నవాళ్లకూ పంచేశారు. వాళ్లలో చాలామంది ఆ దీవి మట్టి తొక్కనే లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గదా, ఇక్కడ అత్త ఎవరని కూడా ఎవరూ అడగలేదు. ఆ సంగతికి చివర్లో వస్తాం.

పంపకానికి షరతులు లేకపోలేదు. పదేళ్లలో 200 ఎకరాలకు ఒకరి చొప్పున, అంటే లాటుకు 100 మంది ప్రొటెస్టంటు వలసదారుల్ని తెచ్చి దింపాలి. 100 ఎకరాలకు 2 నుంచి 6 షిల్లింగుల దాకా ఏటా క్విట్‌రెంటు అనే భూమి పన్ను రాజుకు కట్టాలి. రెండూ చేయకపోతే భూమి తిరిగి సర్కారుదే. చాలామంది దొరలు మనుషుల్నీ దించలేదు, రొక్కమూ కట్టలేదు. భూమి మాత్రం వాళ్ల దగ్గరే ఉంది.

లెక్క కూడా చూడండి, పౌనుకు 20 షిల్లింగులు. అత్యధిక రేటు వేసినా పూర్తి లాటుకు క్విట్‌రెంటు ఏడాదికి 60 పౌన్లు. అదే లాటును ఎకరాకు షిల్లింగు చొప్పున కౌలుకిస్తే వచ్చేది 1,000 పౌన్లు. ఆ అరవై కట్టడానికే దొరగారికి చేతులు రాలేదు. ఉత్తర సర్కారుల జమీందారుకి 1802 తర్వాత ఇంతటి భోగం లేదు. పేష్కషు, అంటే సర్కారుకు కట్టాల్సిన సొమ్ము, బకాయి పడితే కుంఫిణీ వారు ఎస్టేటును వేలం పాటలో పెట్టేవారు, మొహమాటపడేవారు కారు. సామ్రాజ్యం ఒకటే, మొహమాటం మాత్రం మనిషిని బట్టి.

ఇక తమరిని కన్నతల్లి, కౌలు కాగితం. గడువు చాలాచోట్ల 999 ఏళ్లు. 1830లో రాసుకున్నది 2829లో ముగుస్తుంది, కాబట్టి తొందరేం లేదు. మొదటి ఏళ్లలో శిస్తు నామమాత్రం, తర్వాత మెట్లెక్కుతూ ఎకరాకు షిల్లింగు దగ్గర నిలుస్తుంది. వంద ఎకరాల కమతానికి 5 పౌన్లు, అదీ స్టెర్లింగులో. దీవిలో చలామణీ అయ్యే పౌను అంతకన్నా చవక, నాణేలేమో కరువు. రైతు చేతిలో ఉండేవి ఓట్స్ ధాన్యమూ, బంగాళాదుంపలూ. కమతమంటే దున్నిన పొలం అనుకునేరు, అది అడవి. చెట్లు నరికి, మోళ్ల మధ్య గింజలు చల్లి, కంచె వేసి, ఇల్లు కట్టాక శిస్తు పూర్తి రేటుకు చేరుతుంది. అప్పుడు బకాయి పడితే ఏజెంటు ముందు పశువుల్ని జప్తు చేస్తాడు, తర్వాత కమతాన్ని. నరికిన అడవీ, వేసిన కంచే, కట్టిన ఇల్లూ అన్నీ భూమితో పాటు దొరగారికే.

తమరిని తయారుచేసే పద్ధతి పాఠకులకు చెప్పాలి. ఊళ్లో చదువొచ్చినవాడు, తరచు బడి పంతులు, రాస్తాడు. పైన ‘గౌరవనీయ శాసనసభ వారికి’. కింద లాటు నంబరు, నివాసుల వినయపూర్వక విన్నపం. మధ్యలో బాధ. చివర తమ కోసం ఎల్లప్పుడూ ప్రార్థిస్తుంటామన్న హామీ. సంతకాలు, చేతకాని వాళ్లవి నిశానీలు. కొన్ని సంతకాలైనా విన్నపం ఉన్న కాగితం మీదే ఉండాలి, లేకపోతే విడికాగితం దేనికి సంబంధించిందో తెలియదంటారు. మాట కాస్త కరుకైతే సభకు అవమానం. మరీ మెత్తనైతే రైతులు సుఖంగానే ఉన్నారన్నమాట. శిస్తు తగ్గించమంటే ఒప్పందాన్ని ఉల్లంఘించడం, షరతులు తప్పిన దొరల భూమి వెనక్కి తీసుకోమంటే ఆస్తి హక్కుకు ముప్పు. వెనక్కి తీసుకోవడం జరగనిదేం కాదు. 1818లో 15వ లాటునీ, 55వ లాటునీ సర్కారు అలాగే తీసుకుంది. రైతులు ఆ రెంటినీ చూపించి మిగతావాటి సంగతేమిటన్నారు. అందుకే రెండుతో ఆపేసినట్టున్నారు.

తయారయ్యాక తమరి యాత్ర. సభ్యుడొకడు సభలో ప్రవేశపెడతాడు. కమిటీకి వెళ్తారు. కమిటీ నివేదిక ఇస్తే బిల్లవుతారు. ఎన్నికైన సభ ఔనంటే, నియమితులైన పెద్దల సభకు చేరతారు. అక్కడ భూస్వాములూ, వాళ్లకు కావలసినవాళ్లూ కూర్చుని ఉంటారు. దాన్ని దాటితే గవర్నరు రాణీగారి ఆమోదం కోసమని ఆపి లండన్ పంపుతారు. లండన్‌లో దొరలు వలసల మంత్రి గుమ్మం ముందే ఉంటారు. తమరు ఓడలో సముద్రం దాటి వెళ్లాలి, వాళ్లు వీధి దాటితే చాలు.

ఒక్కసారి మాత్రం తమరు ఒళ్లు మరిచారు. 1836 డిసెంబరులో హే రివర్ దగ్గర జరిగిన రైతుల సభ ఆమోదించిన అర్జీ మరీ సూటిగా మాట్లాడింది. దాని వెనకున్న విలియం కూపర్, జాన్ లెలాషర్, జాన్ మెకింటాష్ ముగ్గురూ శాసనసభ్యులే. క్షమాపణ చెప్పమని శాసనసభ ఆదేశించింది, వాళ్లు చెప్పనన్నారు, సభ భటుడి నిర్బంధంలో పెట్టారు. ప్రజల గోడు వినడానికున్న సభ గోడు తెచ్చినవాళ్లనే కట్టేసింది. 1838లో ఓటర్లు 24 స్థానాల్లో 18 కూపర్ పక్షానికిచ్చారు, ఆయనే స్పీకరయ్యాడు. 1839లో తమరిని మోసుకుని లండన్ వెళితే, మంత్రి లార్డ్ జాన్ రసెల్ చూడటానికే ఒప్పుకోలేదు. ఇంకో తమాషా, ఈ కూపర్ ఒకప్పుడు దొరగారి తరఫున కౌళ్లు వసూలు చేసిన ఏజెంటే. తాళం ఎక్కడుందో తెలిసినవాడికి తలుపు అసలు తెరవకూడదు మరి.

తర్వాత ప్రభుత్వం భూములు కొంటానంది. 1854లో వొరెల్ ఎస్టేటు, 81,000 ఎకరాలకు పైనే, మధ్యలో దళారులు సుమారు 14,000 పౌన్లకు తీసుకుని ప్రభుత్వానికి 24,000 పైచిలుకుకు అమ్మారు. రైతు మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు కమిషను పుచ్చుకోకుండా ఎలా ఉంటారు? 1860లో నోవాస్కోషియా నాయకుడు జోసెఫ్ హౌ ఉన్న ముగ్గురి విచారణ సంఘం ఊరూరా సాక్ష్యాలు విని, లక్ష పౌన్ల రుణానికి లండన్ హామీ ఉంటే ఎస్టేట్లు కొనేయవచ్చంది. లండన్ వల్ల కాలేదు.

1864లో కౌలుదారుల లీగు వచ్చి తమరికి సెలవిచ్చింది. శిస్తు కట్టేది లేదన్నారు. జప్తులు చేసే అధికారి షెరిఫు మనుషులు దారి పట్టగానే తగరపు బాకాలూదేవారు, ఇరుగుపొరుగంతా చేరేవారు. 1865లో హాలిఫాక్స్ నుంచి సైనికులొచ్చారు. బాకా ఊదితే పటాలం కదిలింది గానీ, తమరు వందసార్లు వెళ్లినా ఒక గుమాస్తా కదలలేదు. నొచ్చుకోకండి.

1873లో దీవి కెనడాలో చేరేటప్పుడు భూములు కొనడానికి 8,00,000 డాలర్ల ఏర్పాటు బేరంలో పెట్టారు. 1875 చట్టంతో పెద్ద దొరలు అమ్మక తప్పలేదు. షార్లట్ సలివన్ అనే దొరసాని సుప్రీంకోర్టుకెళ్లినా ఓడిపోయింది. రైతులు ఇక ప్రభుత్వానికి వాయిదాలు కట్టాలి, వడ్డీతో సహా.

ఇప్పుడు ఆ అత్త సంగతి. ఆ దీవి ఆదివాసులైన మిక్మాక్ ప్రజలు దాన్ని ఎపెక్విట్క్ అంటారు. 67 లాట్లలో వాళ్లకని విడిచిపెట్టింది ఒక్కటీ లేదు. వాళ్ల పెద్దలూ 1830లలో ఇదే సభ బల్ల మీద అర్జీ పెట్టారు, తమకంటూ కాస్త నేల కావాలని. లెనాక్స్ దీవి వాళ్ల కోసం 1870లో లండన్ సంఘమొకటి కొనేదాకా ఆగాల్సి వచ్చింది. దొరల పట్టాల్ని చీల్చి చెండాడిన తమరు, ఆ పట్టాకి ముందు నేల ఎవరిదన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మహా మర్యాదస్థులైపోయారు. ఆ పక్క కాగితం మీద ఉన్న నిశానీలు తమరికి కనిపించి ఉండాలే? ఒకే కట్టలో ఉన్నారు గదా.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి దుమ్ము దులిపేవాళ్లం