వ్రతంలో రీవాల్యుయేషన్

ఎంబీఏ సీటు కోసం రాసే జీమ్యాట్ పరీక్షకి పెట్టిన మాక్ టెస్టులో నాకు 605 వచ్చిందని మా నాన్న పర్లాకిమిడిలో సగం ఊరికి చెప్పేశారు. 805కి 605 అంటే 75 శాతం అని ఆయనే భాగించుకున్నారు. డిస్టింక్షన్ కదా మరి! అంతటితో ఊరుకోకుండా, కోచింగ్ వాళ్ళు పంపిన రిపోర్టు మొత్తం జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, మొన్న సత్యనారాయణ వ్రతానికి వచ్చిన పెదనాన్న చేతిలో పెట్టారు.

పెదనాన్నది సరిహద్దు అవతల పాతపట్నం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన జేబులో ఎర్రపెన్ను మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

పంతులుగారు మూడో కథలో ఉండగా ఆ పెన్ను మూత ఊడింది. తప్పు కనబడ్డ చోటల్లా ఒక గీత. గీసి ఊరుకుంటారా? ‘ప్చ్’ అంటారు. మొత్తం 27 తప్పులు, 27 ప్చ్‌లు. లీలావతి కష్టాలకి ఈయన తెగ కరిగిపోతున్నాడనుకుని వెనక కూర్చున్న అత్తయ్యలు కూడా ‘ప్చ్’ అనడం మొదలెట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

“ఏటే ఇది? క్వాంట్‌లో 21కి 12 ఒప్పులు. ఈడు 80 ఏసీసేడేటి? వెర్బల్ 23కి 14, ఏసింది 82. డేటా ఇన్‌సైట్స్ 20కి 11, ఏసింది 78. మూడూ కూడితే 240. మరి 605 ఏ లెక్కన?”

గొంతు తగ్గించి చెప్పాను. ఒక్కో సెక్షన్‌కీ మార్కులు 60 నుంచి 90 దాకానే, 60కి తక్కువ ఎవరికీ వేయరు, మూడింట్లోనూ 60 వస్తే మొత్తం 205, మూడింట్లోనూ 90 వస్తే 805 అని.

“అంటే అన్నీ తప్పు రాసినా 205 ఇస్తారా?”

అడిగింది పెదనాన్న కాదు, పంతులుగారు. పుస్తకంలో వేలు పెట్టుకుని మరీ ఆగారు. సాధు వర్తకుడు అక్కడ చెరసాల్లోనే ఉన్నాడు. ప్రశ్నలు వదిలేస్తే మార్కులు కోస్తారండీ, కానీ సున్నా అయితే ఉండదు అన్నాను. “మా వాడికి చెప్పాలి” అనుకుని కథలోకి వెళ్ళిపోయారు.

పెదనాన్న వెళ్ళలేదు. 605 తర్వాత 615 ఏమిటి, 610 ఏమైంది అన్నారు. 2023 నవంబరులో పరీక్ష మారింది, పాత 200–800 స్కోర్లతో కలిసిపోకుండా ఇప్పుడన్నీ అయిదుతోనే ముగుస్తాయి అన్నాను. “ఎవుడిక్కావాలి?” అన్నారు. అడిగింది తనే!

ఆఖరికి హైజంప్ ఎత్తుకున్నాను. “దాటినకొద్దీ కర్ర పైకి జరుపుతారు కదా పెదనాన్నా! ఈ పరీక్షలో ప్రశ్నలూ అంతే. ఎన్నిసార్లు తన్నేశామన్నది కాదు, ఏ ఎత్తులో తన్నేశామన్నదే లెక్క. ఇద్దరికీ పన్నెండేసి ఒప్పులొచ్చినా మార్కులు ఒకటి కావు.”

“కర్ర తన్నేసినోడికి కప్పిస్తారేటే?”

ఏ ప్రశ్న ఎంత కష్టమో చూపించే పట్టిక ఆ రిపోర్టులో ఉంది. చీమ తలకాయంత అక్షరాలతో, చిట్టచివరి పేజీలో. తప్పులు మాత్రం మొదటి పేజీ నుంచే ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మార్కులు ఎలా కట్టారో చెప్పే ముక్క ఒక్కటి లేదు గానీ, వాయిదాల్లో ఫీజు కట్టొచ్చన్న ముక్క ప్రతి పేజీ అడుగునా ఉంది. వేలకి వేలు పుచ్చుకున్నవాళ్ళకి రెండు వాక్యాలు రాయడానికి చేతులు రాలేదు.

హారతి వేళకి పెదనాన్న 605 కొట్టేసి 37/64 అని వేశారు. పక్కన 58 శాతం, సెకండ్ క్లాస్. కింద ‘పునఃపరిశీలించడమైనది’ అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టారు. ఆ కాగితం ప్రసాదంతో పాటు చేతులు మారింది. “ఫర్లేదులే అమ్మా, ఆడపిల్లవి, పాసయ్యావు కదా” అని ఎదురింటి ఆంటీ నా బుగ్గ పుణికింది. చేతికున్న ప్రసాదం నెయ్యి నా బుగ్గకి అంటింది. నాన్న అరటిపళ్ళు లెక్కపెట్టే పనిలో పడి తలెత్తితే ఒట్టు.

ఇవాళ పొద్దున్నే పాతపట్నం నుంచి ఫోన్. కోచింగ్ వాడి మోసం బయటపెడతానని పెదనాన్నే ఉచిత మాక్ టెస్టుకి కూర్చున్నారట.

“నాను రైటు సేసినకొద్దీ ఈడు ఇంకా కష్టమైంది ఇస్తన్నాడే! నామీద ఈడికేటి కక్ష?”

చెప్పబోయేలోగా ఆయన ఫోన్ పెట్టేశారు. టైమర్ నడుస్తోందట.