కన్నీటి బాణీకి కర్త ఎవరు?

1989లో ‘లంబాడా’ అనే డాన్సు పాట ఊపేస్తుంటే అది బ్రెజిల్ పాటేనని లోకమంతా అనుకుంది. అసలు బాణీ బొలీవియాది. లాస్ క్యార్కాస్ బృందం కోసం ఉలీసెస్, గొన్సాలో ఎర్మోసా అన్నదమ్ములు కట్టింది. ఏడుస్తూ వెళ్లిపోయిన ప్రియురాలు ఈ ప్రేమను మరిచిపోలేదులే అని సర్దిచెప్పుకునే ప్రేమికుడి గోడు అది. ఫ్రాన్స్‌లో తయారైన కావోమా బృందం పోర్చుగీసులో పాడినా మాటల్లో ఆ ఏడుపు అలాగే ఉంది. నడుములు తిప్పే హడావుడిలో ఎవరికీ పట్టలేదంతే. (మనమూ తక్కువేం కాదు. ‘రోబో’లో మాచు పిచ్చు మీద చిందేస్తూ కిలిమంజారో అని పాడితే ఈలలు వేశాం.)

దుఃఖాన్ని డాన్సు చేసి పాడుచేశారని బాధపడేవాళ్లున్నారు. నాకది సరైన ఫిర్యాదుగా తోచదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో విరహానికీ చిందుకూ పేచీ లేదు. పెరూ జానపద డాన్సు పాట ‘వైనో’ వినండి: మాటల్లో మోసపోయిన మనసు, చరాంగో అనే చిన్న తీగవాద్యం మీద చకచకా వేళ్లు, నేలమీద దబదబా మడమలు. తీరిగ్గా ఏడవడానికి ‘యరవీ’ అనే విరహగీతం వేరే ఉంది. దక్కని ప్రేయసి మీద యరవీలు రాసిన పెరూలోని అరెకిపా కవి మరియానో మెల్గార్, స్పెయిన్‌పై తిరుగుబాటులో చేరి 1815లో 24 ఏళ్లకే తుపాకీ గుళ్లకు బలయ్యాడు.

అసలు తగువు పేరు దగ్గర. లంబాడా రికార్డు మీద కర్తగా ఓ ఫ్రెంచి నిర్మాత మారుపేరు పడింది. ఎర్మోసా సోదరులు కోర్టుకెక్కి హక్కు సాధించుకున్నారు. 2011లో జెన్నిఫర్ లోపెజ్ అదే బాణీ వాడినప్పుడు వాళ్ల పేర్లు కూడా వేశారు. పేరూ ఊరూ ఉన్న రచయితలు కాబట్టి సరిపోయింది. తరాలుగా ఊరంతా పాడుకున్న వైనో తరఫున వకాల్తా ఎవరు పుచ్చుకుంటారు?

‘సికు’ అనే వెదురు గొట్టాల వాద్యాన్నే తీసుకోండి. ఒకే బాణీలోని స్వరాలను ఇద్దరికి పంచుతారు. ఒకరు ఒక స్వరం ఊదితే తర్వాతిది రెండోవాళ్లు అందుకోవాలి. ఒక్కరే వాయిస్తే సగం బాణీయే పలుకుతుంది. కాపీరైట్ చట్టమేమో కర్త ఎవరో చెప్పమంటుంది. జానపదానికి రక్షణ కావాలని బొలీవియా 1973లోనే యునెస్కోకు లేఖ రాసింది. 2003లో యునెస్కో ఒప్పందం వచ్చింది గానీ, అది సంప్రదాయాలను జాబితాకెక్కిస్తుంది, రాయల్టీ ఇప్పించదు.

ఇక జానపదం కల్తీ కాకూడదనే ‘స్వచ్ఛత’ గోల. చరాంగోయే స్పెయిన్ తీగవాద్యాల సంతానం. పెరూలోని మాంతారో లోయ బృందాలు శాక్సోఫోన్లు ఊదుతాయి. 1950లు, 60ల్లో పెరూ రాజధాని లీమాకు వలసొచ్చిన కొండజనం ఆదివారాలు పాడుకున్న వైనోల్లో విడిచిపోయిన ప్రియుడూ, విడిచొచ్చిన ఊరూ కలగలిసిపోయాయి. కల్తీ ఎంతో వెతకడం దండగ. బాణీ ఏ లోయలో, ఎవరి దగ్గర విన్నారో రికార్డు మీద రాయాలని, ఆదాయంలో వాటా అక్కడి బృందాలకు వెళ్లాలని పెరూ, బొలీవియాలు కలిసి పట్టుబట్టాలి.