అన్నం మానేసిన మహానుభావులు

ఫలానా ఆయన ఉద్యోగం మానేశాడంటే మనకి ఆర్నెల్లకి గానీ తెలియదు. అన్నం మానేశాడంటే మాత్రం గుమ్మంలో చెప్పులు విడిచేలోపే తెలిసిపోతుంది.

మొన్న ఒక పెళ్లిలో, పంక్తిలో నా పక్కన అలాంటి పెద్దమనిషే కూర్చున్నాడు. వడ్డించే కుర్రాడు అన్నం పెట్టబోతే విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి "విషం బాబూ, విషం" అన్నాడు. ఆ విషాన్నే ఆవకాయతో కలుపుకుంటున్న నేను వినయంగా తల దించుకున్నాను. ఆయన బూరె మాత్రం వేయించుకున్నాడు. బొటనవేలితో చిల్లు పెట్టి, నెయ్యి పోయించుకుని, నెయ్యి జుర్రేసి, బూరెని అలాగే మళ్లీ కుర్రాడి ముందుకి జరిపాడు. "ఇంకాస్త పొయ్యి నాయనా." మూడోసారికి కుర్రాడు గిన్నె అక్కడే వదిలేసి పోయాడు.

"కొవ్వు తింటేనే కొవ్వు కరుగుతుంది మాస్టారూ" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలు, గ్రాము కొవ్వుకి 9. ఆ గిన్నె లెక్క కట్టడం మర్యాద కాదని ఊరుకున్నాను. మొదటి వారంలోనే 3 కిలోలు తగ్గాడట. అన్నం మానగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ, దాంతోపాటు నీళ్లు పోతాయి. నీళ్లు పోయినందుకు శాలువా కప్పించుకునేవాణ్ణి అప్పుడే చూశాను.

పద్ధతి పనిచేయదని కాదు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని ఏడాది పాటు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదని వాళ్లే తేల్చారు. ఆ ఏడొందల గ్రాముల కోసం రెండు రాష్ట్రాల్లో అన్నం కుండలు బోర్లించాలట!

ఎవరి నెయ్యి వాళ్లిష్టం. కానీ చేతులు కడుక్కుంటూ ఆయన ఇంకో మాట అన్నాడు. టైప్ వన్ షుగర్ ఉన్న మేనకోడలికి ఇన్సులిన్ ఆపెయ్యమని చెప్పాడట. నాకు ఒళ్లు మండింది. ఆ జబ్బులో ఒళ్లు ఇన్సులిన్ తయారు చేసుకోలేదయ్యా! 1922లో ఇన్సులిన్ రాకముందు డాక్టర్లు ఇలాంటి పిల్లల్ని పస్తులుంచి చావుని కొన్నాళ్లు వాయిదా వేసేవాళ్లు, అంతే. ఇంజెక్షన్ ఆపితే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుని రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు పిల్లకి వాంతులవుతుంటే "కీటో ఫ్లూ, అన్నం మానిన కొత్తలో మామూలే, ఉప్పు నీళ్లు తాగించండి" అంటావు నువ్వు. నీ పొట్ట నీ ఇష్టం, ఆ పిల్ల సూది జోలికి పోవడానికి నువ్వెవడివి?

వాళ్లమ్మ ఫోన్ నంబర్ ఇమ్మన్నాను. "ముందు మీరు అన్నం మానండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. నంబర్ ఇచ్చేదాకా కారు తలుపు తెరవనివ్వలేదు.