మంచమెక్కితేనే చెల్లే కార్డు

మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడి వరస, కొన్నాళ్లుగా రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతాడు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, ఒక అమావాస్య చూశారు, రెండో అమావాస్యా చూశారు. చివరికి నేనే అనంతపురంలో ఆరోగ్యశ్రీ కార్డు చెల్లే ఒక నెట్‌వర్క్ ఆసుపత్రికి పిలుచుకొచ్చాను. డెస్కు దగ్గర కార్డుదారులకు దారి చూపే ఉద్యోగి, ఆరోగ్యమిత్ర అంటారు, మా కార్డును తిప్పి చూసి, "సైకియాట్రీకా? ఇక్కడ లేదన్నా. పెద్దాసుపత్రికి పోండి, లేదంటే బయట డబ్బులు కట్టి చూపించుకోండి" అన్నాడు. పెద్దమ్మ కార్డును మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ, "మీ పెదనాయన గుండెకు పనికొచ్చింది ఇదే కార్డు కదా నాయనా" అంది.

గుండెకు పనికొచ్చిన కార్డు మనసుకు ఎందుకు పనికిరాలేదు? డాక్టర్లు లేకే అని చాలామంది వెంటనే అంటారు. అందులో సగమే నిజం.

ఈ కార్డు పథకం మొదలైందే మా జిల్లాలో. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీగా అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పెట్టారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. (ఊళ్లో మాత్రం ఎవరినడిగినా ఆరోగ్యశ్రీ కార్డే.) 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు పెరిగింది. పేరు మారింది, మొత్తం పెరిగింది, అస్థిపంజరం మాత్రం అదే: రోగి చేరాలి, ఏదో ఒకటి చేయాలి, డిశ్చార్జి కావాలి, ప్యాకేజీ కింద బిల్లు పోవాలి. కేంద్రం ఆయుష్మాన్ భారత్ తీరూ అంతే. చేరకముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజులు మందుల ఖర్చు ఇస్తారు. స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బుల మందులు ఏళ్ల తరబడి మింగాల్సినవి. 15 రోజులంటే డాక్టరు మోతాదు సరిచూసుకోవడానికి కూడా చాలదు.

ఈ జబ్బుల్లో ఎక్కువ మందికి కావలసింది మంచం కాదు, కుర్చీ. ఎదురుగా కూర్చుని అరగంట వినే డాక్టరు, నెలనెలా మాత్రలు. ఒక్క గదిలో ప్రాక్టీసు చేసే సైకియాట్రిస్టుకు మంచాల లెక్క మీద నడిచే నెట్‌వర్క్‌లో చోటెక్కడిది? 2020లో "వెయ్యి దాటితే ఆరోగ్యశ్రీ" అని, అంటే వైద్యం బిల్లు వెయ్యి రూపాయలు దాటితే పథకమే కడుతుందని ఊదరగొట్టారు. మా తమ్ముడికి బయట డాక్టరు ఫీజు, మందులు కలిపి నెలకు వెయ్యి దాటుతూనే ఉంది. అడ్మిషన్ లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని ప్రతి బీమా సంస్థనూ ఆదేశించింది. మంచి మాటే. చిక్కంతా ఆ 'సమానం'లో ఉంది. జ్వరానికి ఓపీ (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యం) ఇవ్వని పాలసీ, డిప్రెషన్‌కూ ఓపీ ఇవ్వకపోతే అది సమానమే అవుతుంది. చట్టం తప్పినట్టు కాదు, రోగికి మందు అందినట్టూ కాదు.

డాక్టర్ల కొరత లేదనడం లేదు. లక్ష జనాభాకు కనీసం ముగ్గురు సైకియాట్రిస్టులు ఉండాల్సిన చోట దేశంలో సగటున ఒక్కరు కూడా లేరు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ రుగ్మతలున్న వాళ్లలో 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. కానీ ఆ ఉన్న కొద్దిమంది కూడా కార్డుకు ఎందుకు దొరకరు? వాళ్ల గది ముందు నగదు ఇచ్చే రోగులు సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు. 2025 అక్టోబరులో ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులే సేవలు ఆపేశాయి. అది చూశాక చిన్న క్లినిక్ నడిపే డాక్టరు క్లెయిముల జోలికి ఎందుకొస్తాడు? ఆయన్ను తప్పుపట్టలేను.

న్యాయంగా చెప్పాలంటే పెద్దాసుపత్రిలో తమ్ముణ్ణి బాగానే చూశారు. మాత్రలు ఉచితంగానే ఇచ్చారు. కానీ పెద్దమ్మ వాళ్లది రాయదుర్గం వైపు పల్లె. రెండు బస్సులు మారాలి, వాణ్ణి ఒంటరిగా పంపలేరు కాబట్టి ఇద్దరి కూలీ పోతుంది. మూడో నెల చెనక్కాయ పీకే రోజులు, రాలేకపోయారు. మాత్రలు అయిపోయిన పది రోజులకు వాడు మళ్లీ మిద్దె ఎక్కాడు.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు. పెదనాయనకు స్టెంటు వేశాక ఏడాది పాటు చెకప్‌లు, మందులు ఈ కార్డు మీదే వచ్చాయి. ఫాలో-అప్ ప్యాకేజీ అన్నారు. అంటే ఓపీకి డబ్బు కట్టడం ఈ పథకానికి చేతకాక కాదు. అదే ప్యాకేజీని స్కిజోఫ్రీనియాకు, బైపోలార్‌కు, తీవ్రమైన డిప్రెషన్‌కు అడ్మిషన్ షరతు లేకుండా ఇవ్వొచ్చు. డాక్టరు ఒకసారి రాసిన మందుల్ని మండలంలోని పీహెచ్‌సీలోనే నెలనెలా ఇస్తే సగం బస్సు చార్జీలు మిగులుతాయి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే ఫోన్లో ధైర్యం దొరుకుతుంది గానీ, మాత్రల పట్టీ చేతికి రావాలి కదా.

అదే చట్టం 18వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. కనీస మానసిక వైద్య సేవలు జిల్లాలో లేకపోతే, రోగి ఆ జిల్లాలోనే వేరే చోట చూపించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వమే భరించాలి. అంటే సాయంత్రం క్లినిక్‌లో కట్టిన ఫీజు రసీదు పట్టుకుని అడిగే హక్కుకు చట్టంలోనే దారి ఉంది. ఆ రసీదు ఎక్కడ ఇవ్వాలో మండల స్థాయిలో చెప్పగలిగిన మనిషి నాకింతవరకూ తగల్లేదు.

వైద్య ఖర్చును రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీలకు, ఆపైన ఈ పథకాన్ని నడిపే ట్రస్టుకు అప్పగించే కొత్త పద్ధతికి 2025 సెప్టెంబరులో రాష్ట్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. కంపెనీలతో ఒప్పందాలు రాసేటప్పుడే మానసిక వైద్యానికి ఓపీ, మందులు అని ఒక పంక్తి చేర్చాలి. సంతకాలు అయ్యాక అడిగితే డెస్కు దగ్గర మళ్లీ అదే జవాబు వస్తుంది: ఇక్కడ లేదన్నా.