చూపించిన చేతికీ రాసిన చేతికీ ఒకే శిక్షా?

పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్క్వాడ్‌ల తనిఖీలు, డిబార్‌లు, సస్పెన్షన్ల వార్తలు వరుసకడతాయి. వాటి వెంటే, జవాబు చూసి రాసినవారికి ఏ శిక్ష వేస్తారో చూపించినవారికీ అదే వేయాలన్న వాదన బయలుదేరుతుంది. వినడానికి సమన్యాయంలా ఉండే ఈ మాట ఆచరణలో ఘోరమైన అన్యాయం.

ఆ వాదనలో బలం లేకపోలేదు. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీలో సీట్లను పదో తరగతి మార్కులను బట్టే కేటాయిస్తారు గనుక, ఒకరు చూపించిన జవాబు ఎక్కడో ఏ సాయమూ లేకుండా చదువుకున్న పిల్లవాడి సీటుకు ఎసరు పెట్టవచ్చు. చూపించడం తప్పే. ఆ తప్పు బరువెంతన్నదే ప్రశ్న.

పరీక్ష గదిలో జరిగేది చూడండి. ఇన్విజిలేటర్ కిటికీ వైపు తిరగగానే వెనక బెంచీ నుంచి పెన్నుతో వీపు మీద పొడుస్తారు. ముందు కూర్చున్న అమ్మాయి మోచేయి పక్కకు జరిపి, నింపిన అడిషనల్ షీటును బల్ల అంచుకు తోస్తుంది. అందుకు స్నేహం కారణం కావచ్చు, చూపించకపోతే బయట పడవలసిన మాటల భయం కావచ్చు, ‘పక్కవాళ్లకీ కాస్త చూపించమ్మా’ అని ముందురోజే చెప్పి పంపిన మాస్టారి ఆజ్ఞ కూడా కావచ్చు. దానివల్ల ఆమెకు ఒక్క మార్కూ కలవదు. పట్టుబడితే మాత్రం ఏడాది చదువు పోతుంది.

మన రాష్ట్రంలో 1997 నాటి చట్టం పరీక్షల అక్రమాలకు 3 నుంచి 7 ఏళ్ల జైలుశిక్ష విధించమంటుంది. 2024లో వచ్చిన కేంద్ర చట్టం పదో తరగతికి వర్తించకపోయినా, అభ్యర్థులను జైలుశిక్షల పరిధి నుంచి తప్పించి, ప్రశ్నపత్రాలు అమ్ముకునే ముఠాల మీదే గురిపెట్టింది. ఆ వివేకం పదిహేనేళ్ల పిల్లల విషయంలో ఇంకా ఎక్కువగా ఉండాలి కదా!

అసలు ఆ అమ్మాయి చేత షీటు జరిపించినది నూరు శాతం ఉత్తీర్ణత మీద మనకున్న వ్యామోహం. ఫలితాలు రాగానే రాజాంలో, టెక్కలిలో, బొబ్బిలిలో కూడళ్ల నిండా ప్రైవేటు పాఠశాలల ఫ్లెక్సీలు లేస్తాయి. ప్రభుత్వ పాఠశాలలో ఒక్క శాతం తగ్గినా ప్రధానోపాధ్యాయుడు సంజాయిషీ రాసుకోవాలి. పేరా కూడబలుక్కుని చదివే పిల్లవాణ్ని అలాగే పదో తరగతి దాకా తోసుకొచ్చి, చివరి నెలలో గట్టెక్కించమంటే ఆ భారం ఎవరి మీద పడుతుంది? బాగా చదివే పిల్ల మీద పడుతుంది. పెద్దలు తొమ్మిదేళ్లు ఎగ్గొట్టిన పనిని ఆమె మూడుంపావు గంటల్లో మోసి, పట్టుబడ్డాక దోషిగా నిలబడుతోంది.

కాబట్టి డబ్బు తీసుకుని చూపించినవారినీ, ముందే పథకం వేసుకున్నవారినీ వేరుచేసి కఠినంగానే శిక్షించాలి. తక్కినవారి విషయంలో, చూపించమని ఎవరు చెప్పారో స్క్వాడ్ అక్కడికక్కడే అడిగి వాంగ్మూలం రాసుకోవాలి. చెప్పింది ఉపాధ్యాయుడైనా యాజమాన్యమైనా కేసు ముందు వారి మీదే నడవాలి. ఆ విచారణ ముగిసేదాకా ఆ విద్యార్థినిని మిగిలిన పరీక్షలు రాయనివ్వాలి.